వెనక చెక్క

మా కామో ఊళ్ళో చెక్క పని చేసుకుని బతికేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. బయటినుంచి వచ్చినవాళ్ళకి మేమంతా ఒకటే. అందరి జుట్టులోనూ రంపపు పొట్టే, అందరి గోళ్ళ కిందా జిగురే. ఒకసారి నీగాతా పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషెవరో నన్ను ఆపి, "తన్సులు చేసేది నువ్వేనటగా" అన్నాడు. నేను తలుపుల వడ్రంగిని. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఆ సంగతి తన్సులు చేసే సకుజికి చెబితే, నన్ను చూసి తననుకున్నారన్న బాధతో వాడికి మూడు రోజులు సయించలేదు.

తేడా ఏమిటో చెబుతాను. ఇళ్ళు కట్టే గెంజో ఉన్నాడు. దూలం వేలెడు పొట్టిగా కోసేశాడనుకోండి, కింద ఓ చెక్కముక్క దోపి, పైన మట్టి మెత్తేస్తాడు. ఆ సంగతి వందేళ్ళ దాకా ఎలకలకి తప్ప ఎవరికీ తెలీదు. నా పనిలో అంత వెసులుబాటు లేదు. జనవరిలో మా ఇళ్ళ కప్పుల మీద నిలువెత్తు మంచు పడుతుంది. ఆ బరువుకి గుమ్మాల పైకమ్మి దిగిపోయి, నా జరుపుడు తలుపులు బిగుసుకుపోతాయి. అప్పుడు చిత్రిక చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, గోరుమందం తీసేసి వస్తాను. మార్చిలో మంచు కరిగాక అవే తలుపులు వదులై గాలికి టపటపా కొట్టుకుంటాయి, మళ్ళీ నన్నే తిడతారు. ఇల్లు ఎలా చెబితే అలా వినడమే నా పని.

తన్సు అలా కాదు. సొరుగుల పెట్టె అది. ఇంట్లోనే ఉంటుంది గాని ఇంటి మాట వినదు. ఇల్లు వంగనీ, కుంగనీ, దాని సొరుగులు తమ తీరున తాము నడవాలి. ఒక సొరుగుని మెల్లగా లోపలికి తోస్తే, లోపలున్న గాలికి ఎటూ దారి లేక, పక్క సొరుగు దానంతటదే ఇంత బయటికి రావాలి. గాలికి కూడా సందు దొరక్కుండా చెయ్యాలన్నమాట. అందులో మా ఊళ్ళో సకుజిని మించినవాణ్ణి నేను చూడలేదు. ఈ మాట వాడి మొహం మీద ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతాడని.

సకుజి నా ఈడువాడే. పొట్టివాడు, కొంచెం వంగి నడుస్తాడు. ఎడమ చూపుడువేలి కొస పని నేర్చుకునే రోజుల్లోనే ఉలికి పోయింది. ఆ మొండివేలితోనే చెక్క నునుపు చూసేవాడు. మంచి వేళ్ళకన్నా ఆ మచ్చకే ఎక్కువ తెలుస్తుందని వాడి వాదన. మాటలు తక్కువ. ఆ లోటు వాడి భార్య మిత్సు తీర్చేది, ఇద్దరికీ సరిపడా ఆవిడే మాట్లాడేది.

తన్సుకి వాడేది కిరి చెక్క. తేలిక, మెత్తన, తడిస్తే ఉబ్బి తన సందులు తనే మూసేసుకుంటుంది. కాని పచ్చి కిరిలో చేదు ఉంటుంది. అది దిగకుండా పని మొదలుపెడితే, అయిదారేళ్ళకి తెల్లటి పెట్టె మీద మంగు పట్టినట్టు నల్లటి మచ్చలు తేలతాయి. అందుకని పలకల్ని ఏటి ఒడ్డున వరసగా నిలబెట్టి ఎండకీ వానకీ మంచుకీ వదిలేస్తారు. అందరూ రెండేళ్ళు వదిలితే సకుజి నాలుగేళ్ళు వదిలేవాడు. వాన మొదలవగానే మనుషులు లోపలికి పరిగెడతారు. వీడు బయటికి పరిగెత్తి, తడవని వైపు కూడా తడవాలని పలకల్ని తిప్పుతూ తిరిగేవాడు. చేదు పోయిందో లేదో నాలికతో చూసేవాడు. వాడు పలక నాకుతుండగా చూసి మా ఆవిడ, "పాపం, మిత్సు వంట అంత అన్యాయంగా ఉంటుందా!" అంది.

జూన్, జూలై వానల్లో సొరుగులు అమర్చేవాడు కాదు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు సరిపోయిన సొరుగు, చలికాలం పొడిగాలికి వదులైపోతుందని వాడి భయం. మా దగ్గర పెళ్ళికూతురితో తన్సు పంపడం ఆనవాయితీ. "అమ్మాయి పెళ్ళి జూన్‌లో పెట్టుకున్నాం సకుజీ" అని ఎవరైనా వస్తే, "అక్టోబరులో పెట్టుకోండి, బాగుంటుంది" అనేవాడు. వేళాకోళం కాదు, నిజంగానే అనేవాడు. ఒక ఇంటివాళ్ళు పెళ్ళి మార్చుకున్నారు కూడా.

వాడికి ఒక చెడ్డ అలవాటుండేది. ఎవరింటికి వెళ్ళినా చెప్పా పెట్టకుండా వాళ్ళ తన్సు దగ్గరికి పోయి సొరుగు లాగి చూసేవాడు. సాకె సారా కొట్టు ముసలాయన పోయినప్పుడు మేమంతా తలలు వంచుకుని కూర్చున్నాం, గుడి పూజారి సూత్రాలు చదువుతున్నాడు. మధ్యలో ఎక్కడో 'సుయ్' మని చప్పుడు. చూస్తే మా వాడు గది మూల పోయినాయన పెట్టె సొరుగు లోపలికి తోస్తున్నాడు.

"ఒరే, ఇటు తగలడు" అన్నాను పళ్ళు బిగించి.

"మా గురువుగారి చేతిదిరా బున్‌జీ. ముప్పై ఏళ్ళయినా ఇంకా ఊపిరి తీస్తోంది, విను."

"ఊపిరి తియ్యాల్సినవాడు అక్కడ తియ్యకుండా పడుకున్నాడు. ముందు అటు చూసి దణ్ణం పెట్టు!"

ఆ ఇంటి కోడలు విన్నది. చేతిగుడ్డ నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. ఆవిడ ఏడుస్తోందని అందరూ జాలిపడ్డారు.

తన్సుకి ఇనప మేకు ఒక్కటి కూడా కొట్టరు. గట్టి కర్రని అగ్గిపుల్లంత మేకులుగా చెక్కి, తవుడు పోసి మూకుట్లో వేయిస్తారు. వేగితే లోపలి తడి అంతా పోయి బిరుసెక్కుతాయి. చెక్కలోకి దిగాక గాలిలో చెమ్మ పీల్చుకుని ఉబ్బి, ఇక ఊడమన్నా ఊడవు. వేయించడం ఆడవాళ్ళ పని, కొట్టడం మగవాళ్ళ పని. ఎవరు పెట్టారో తెలీదు గాని మా ఊళ్ళో అంతే. ఆడమనిషి బిగించిన పెట్టె అంటే పెళ్ళివారు ముట్టుకోరని పెద్ద కొట్లవాళ్ళు అనేవారు. మిత్సు వేయించిన మేకుల కోసం మాత్రం పక్క వీధి పనివాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఇక సేకి పెద్దమ్మ సంగతి. వంతెన అవతల పల్లపు వీధిలో ఉండేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఊళ్ళోవాళ్ళ కిమోనోలు కుడుతూ ఒక్కగానొక్క కొడుకు తమోత్సుని పెంచుకుంది. ఒకళ్ళ పట్టుబట్ట చేతికొచ్చాక దానికి చెమ్మ తగిలినా, పురుగు పట్టినా ఆవిడదే పూచీ. అందుకని నాలుగు సొరుగుల పెట్టె ఒకటి చెయ్యమని సకుజికి చెప్పింది. అది ముప్పాతిక అయ్యేసరికి వాడికి ఎర్ర కాగితం వచ్చింది. సైన్యంలోకి రమ్మని. మూడో రోజుకల్లా రైలెక్కాలి. పెట్టె ముందు భాగం, పక్కలు, సొరుగులు అయిపోయాయి. వెనక చెక్క మిగిలింది. దానికి పలకలు కోసి, చిత్రిక పట్టి, గోడకి ఆనించి వాడు వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే తమోత్సు చేతిబండి తెచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. నాకు ఒక కంటిలో పొర ఉందని సైన్యం వద్దంది, కాబట్టి వంతెన ఎక్కేటప్పుడు బండిని వెనకనుంచి తోసింది నేనే. వెనక చెక్క బిగించి ఉంది. ఎవరు బిగించారని నేను అడగలేదు. సకుజి గురువుగారు అప్పటికింకా బతికే ఉన్నారు, ఆయనే అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది.

రెండేళ్ళకి తమోత్సుకీ ఎర్ర కాగితం వచ్చింది. నవ్వు మొహం పిల్లాడు, తల్లి కుట్టే బట్టల రంగుల మీద జోకులు వేసేవాడు. వాడికి ఇరవై రెండేళ్ళ వయసులో, ఎక్కిన ఓడ దక్షిణాన ఎక్కడో సముద్రంలో మునిగిపోయింది. సేకి పెద్దమ్మకి తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. అందులో ఎముకలుండాలి. ఊపితే చప్పుడు రాలేదు. విప్పి చూస్తే వాడి పేరు రాసిన కాగితం ముక్క ఉంది.

ఆవిడకి మిగిలింది ఒకటే. మా దగ్గర పుట్టిన బిడ్డ బొడ్డుతాడుని ఎండబెట్టి, అరచేతిలో పట్టే కిరి పెట్టెలో దూది మీద పెట్టి దాచుకుంటారు. తమోత్సుది తన్సు పై సొరుగులో ఉంది. ఏడాదికొకసారి, ఓడ మునిగిన తేదీన, తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టేది. తను పోయినప్పుడు అది తన చేతిలో పెట్టి పంపమని మా ఆవిడ దగ్గర మాట తీసుకుంది. కొడుకు ఒంటిది ఈ భూమ్మీద అంతకు మించి లేదు మరి.

సకుజి అయిదేళ్ళకి ఎముకల గూడులా తిరిగొచ్చాడు. మర్నాడే ఏటి ఒడ్డుకి వెళ్ళి, తను నిలబెట్టి వెళ్ళిన పలకల్లో ఎవరూ పొయ్యిలో పెట్టకుండా మిగిలినవి ఏరుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు వాడు చేసిన పెట్టెలు ఎన్నో నాకు తెలీదు, వాడికీ తెలీదు. మధ్యలో స్టేషన్ దగ్గర ప్లైవుడ్ బీరువాల ఫ్యాక్టరీ పెట్టి వాణ్ణి పనివాళ్ళ మీద మేస్త్రీగా రమ్మన్నారు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో ఉన్నాడు.

"ఏంరా, తరిమేశారా?" అన్నాను.

"సొరుగుకీ పెట్టెకీ మధ్య అగ్గిపెట్టె దూరేంత సందు పెడుతున్నారు బున్‌జీ. తప్పు జరిగిందేమో అని చెప్పబోయాను. తప్పు కాదట. అలాగే కావాలట."

"జీతం బాగుంటుందిగా?"

"జీతం బాగానే ఉంది. పెట్టెలకే బాలేదు."

వాళ్ళని నేను తప్పు పట్టను. మా ఇంట్లోనూ ఆ ఫ్యాక్టరీ బీరువా ఉంది, సకుజి వస్తున్నాడంటే మా ఆవిడ దాని మీద దుప్పటి కప్పేది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఆగస్టు చివర, మూడు రోజులు ఎడతెగని వాన కురిసింది. ఏరు వంతెన మీదుగా పొర్లి పల్లపు వీధిని ముంచేసింది. సేకి పెద్దమ్మని పడవలో ఎక్కించి బడి మేడ మీదికి చేర్చారు. అప్పటికి ఆవిడకి డెబ్భై దగ్గర పడింది. ఆవిడ పడవ దిగుతూనే వెనక్కి ఎక్కబోయింది. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. "పై సొరుగు... నా పై సొరుగు..." అంటూనే ఉంది రాత్రీ పగలూ. చుట్టూ ఇళ్ళు పోయినవాళ్ళున్నారు. అయినా ఎవరూ ఆవిణ్ణి విసుక్కోలేదు.

నీళ్ళు తీశాక గెంజో బురద ఇళ్ళు తవ్వడానికి పలుగు పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. ఆ వీధిలో నా తలుపు ఒక్కటి కూడా నిలవలేదు. సేకి పెద్దమ్మ ఇంట్లో చాపలు ఉబ్బి లేచిపోయాయి, గోడ మట్టి కరిగిపోయింది. తన్సు మాత్రం నీళ్ళ మీద పైకప్పు దాకా తేలి, నీళ్ళు దిగుతుంటే వెల్లకిలా కిందికి దిగి, వీపు బురదలో పెట్టుకుని పడి ఉంది. నాలుగు సొరుగులూ ఉబ్బి, ముందు భాగమంతా ఒకే పలకలా అతుక్కుపోయింది. నేనూ గెంజో చెరో పిడీ పట్టుకుని లాగాం. కొండని లాగినట్టే ఉంది.

ఆవిడ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, పై సొరుగు మీద చెయ్యి వేసి మా మొహాలు చూస్తోంది.

"పలుగు పెడితే ఒక్క దెబ్బ పని పెద్దమ్మా" అన్నాడు గెంజో. "లోపల నీళ్ళు చేరి ఉంటే ఈ ఉక్కకి రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది. ఇప్పుడే తీస్తే కనీసం ఆరబెట్టుకోవచ్చు."

"పలుగెందుకు, మొరటు మనిషివి కాకపోతే" అన్నాను నేను. "పై అంచు చిత్రికతో కొంచెం తీస్తే సొరుగు వదులవుతుంది."

ఇంతలో సకుజి వచ్చాడు. తొడల దాకా బురద. ఎవరినీ పలకరించలేదు. పెట్టె చుట్టూ తిరిగి, వంగి, మొండివేలితో ప్రతి సందూ తడిమాడు. లేచి, "దీన్నెవరూ ముట్టుకోకండి" అన్నాడు. "పలుగు పెడితే ముందు భాగం పగులుతుంది, సందుల్లో నిలిచిన బురదనీళ్ళన్నీ అప్పుడు పోతాయి లోపలికి. చిత్రిక పట్టినా అంతే. బురద కడిగి, నీడలో గాలి తగిలేచోట నిలబెట్టాలి. ఎలా ఉబ్బిందో అలాగే తగ్గుతుంది. ఎంత లేదన్నా పన్నెండు రోజులు."

"పన్నెండు రోజులా!" గెంజో పలుగు నేలకి కొట్టాడు. "లోపలికి నీళ్ళు వెళ్ళి ఉంటే పన్నెండో రోజుకి ఏం మిగులుతుందిరా అందులో? నీ పెట్టె అందం చెడిపోతుందని ముసలావిడ ఉసురు పోసుకుంటావా?"

గెంజో చెడ్డవాడు కాదు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది. నాకూ ఆ క్షణాన వాడి పక్షమే అనిపించింది.

సేకి పెద్దమ్మ సకుజి వైపు తిరిగింది. "లోపలికి నీళ్ళు వెళ్ళలేదని ఒక్క మాట చెప్పు సకుజీ. నువ్వు చెబితే పన్నెండు నెలలైనా కూర్చుంటాను. చెప్పు నాయనా."

"ముందు భాగం నాది, వెళ్ళవు" అన్నాడు సకుజి. "పక్కలు నావి. పైనా కిందా నావే. వెళ్ళవు." అక్కడ ఆగిపోయాడు.

"మరి వెనక?"

పెట్టె పడి ఉన్నదే వెనక చెక్క మీద. నీళ్ళున్నంతసేపూ ఆ చెక్క నానుతూనే ఉంది.

సకుజి తల దించుకున్నాడు. "వెనక చెక్క నేను బిగించలేదు పెద్దమ్మా. దాని సంగతి నేను చెప్పలేను."

నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ తల్లి మొహం చూసి ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది? వేరే ఎవరైనా ఆడేవాళ్ళు. నేనైతే తప్పకుండా ఆడేవాణ్ణి. కాని చెక్క విషయంలో తెలీనిది తెలిసినట్టు చెప్పడం వాడి వల్ల అయ్యే పని కాదు. ఆవిడ మొహం పాలిపోయింది. గెంజో మళ్ళీ పలుగు ఎత్తాడు.

"వెనక చెక్క నేను బిగించాను."

అన్నది మిత్సు. బురద తవ్వేవాళ్ళకి అన్నం ముద్దలు పట్టుకుని అప్పుడే వచ్చింది. గంప గుమ్మంలో దించి లోపలికి వచ్చింది. అందరం ఆవిడ వంక చూశాం, సకుజి తప్ప.

"గురువుగారికి అప్పటికే చూపు ఆనడం లేదు. పక్కన కూర్చుని చేత్తో తడుముతూ చెప్పారు, నేను కొట్టాను. నూట పద్నాలుగు మేకులు. మామూలుగా ఒకసారి వేయిస్తాం, వీటిని రెండుసార్లు వేయించాను." గొంతు ఎప్పటిలా గట్టిగానే ఉంది గాని చేతులు నడుముకి కట్టిన గుడ్డని నలిపేస్తున్నాయి. "ఈయన తిరిగొస్తాడో రాడో తెలీదు. వస్తే నన్ను తిట్టకూడదు. రాకపోతే, ఈయన పేరు మీద ఊళ్ళో ఉండిపోయే ఆఖరి పెట్టె అదే. నీళ్ళు వెళ్ళవు పెద్దమ్మా. వెళ్తే ఆ తప్పు నాది, ఈయనది కాదు. ఊరంతా చూస్తుండగా నా మొహాన ఉమ్మెయ్యండి."

సేకి పెద్దమ్మ ఆవిడ చేతుల వంకే చూస్తోంది. "ఎన్ని మేకులన్నావు?"

"నూట పద్నాలుగు."

"ఇన్నేళ్ళయినా గుర్తుందా?"

"ఒక్కోటీ లెక్కపెడుతూ కొట్టాను. లెక్క ఆపితే ఈయన గుర్తొచ్చేవాడు."

బట్టలు కుట్టే మనిషి. రాత్రింబవళ్ళు కుట్లు లెక్కపెట్టుకుంటూ కొడుకుని తలుచుకోకుండా ఉండడం ఎలాగో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.  సొరుగు మీద నుంచి చెయ్యి తీసింది.

"గెంజో, ఆ పలుగు బయట పెట్టు" అంది.

పెట్టెని బండి మీద సకుజి ఇంటికి చేర్చి, మంచినీళ్ళతో కడిగి, పనిగది వెనక నీడలో రాళ్ళ మీద నిలబెట్టాం. సేకి పెద్దమ్మ వాళ్ళింట్లోనే ఉండిపోయింది. పొద్దున లేస్తూనే పెట్టె ముందు కూర్చునేది. మిత్సు పక్కన కూర్చుని నోరు ఆపకుండా ఏదో ఒకటి చెప్పేది. సకుజి పూటకోసారి పెట్టెని గాలివాటుకి తిప్పేవాడు. అన్నం కెలికి వదిలేసేవాడు. పెద్ద కొట్టు యజమాని ఒకడు వచ్చి, "ఆడవాళ్ళ చెయ్యి పడిందన్న మాట నలుగురిలో అనకుండా ఉండాల్సింది. మీ పెట్టెలు ఇక ఎలా అమ్మమంటారు?" అన్నాడు. "పన్నెండో రోజు తర్వాత రండి" అని సకుజి వాడికి టీ కూడా ఇవ్వకుండా పంపేశాడు.

ఏడో రోజు పొద్దున పెట్టె దగ్గర మురుగు వాసన వచ్చింది.  మిత్సు నోట మాట లేదు. ఆవిణ్ణి అలా నేను ఎప్పుడూ చూడలేదు. సేకి పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. సకుజి ముక్కు సొరుగు సందుకి ఆనించి పీల్చాడు. పక్కకి వెళ్ళి పీల్చాడు. వెనక్కి వెళ్ళి పీల్చి, వంగి, అక్కడనుంచి గెంజో బురద మేజోళ్ళు రెండు వేళ్ళతో పట్టుకుని పైకి తీశాడు. ముందురోజు ఆరబెట్టుకుని మర్చిపోయాడట మహానుభావుడు. మిత్సు తిట్టిన తిట్లకి వాడు రెండు రోజులు ఆ వీధిలోకి రాలేదు.

అన్నట్టు, సకుజి అంతవరకూ వెనక చెక్క వంక సరిగా చూడలేదు. తిప్పేటప్పుడు కూడా మొహం పక్కకి పెట్టేవాడు. ఆ రోజు మేజోళ్ళ ధర్మమా అని వెనక్కి వెళ్ళాడు కదా, ఇక అక్కడే చతికిలపడ్డాడు. మొండివేలు పెట్టి ఒక్కో మేకూ తడుముతూ పై వరస నుంచి కింది వరస దాకా వచ్చాడు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"మూడో వరసలో ఒకటి వంకరగా దిగింది."

"మిగతావి?"

ఇంకో మేకు మీద వేలు రాశాడు. "నేనైతే తొంభైతో సరిపెట్టేవాణ్ణి" అన్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదా, ఎవరు బిగించారని?"

"తెలుసురా నాకు. గురువుగారి చూపు సంగతి నాకు తెలీదా? ఇంట్లో ఇంకెవరున్నారు? అడిగితే చెప్పేది. చెబితే వెళ్ళి చూడకుండా ఉండలేను. చూస్తే, బాలేకపోతే ఊడదీయాలి. బాగుంటే..." అని ముక్కు తుడుచుకున్నాడు. "బాగుంటే ఏం చెయ్యాలో తెలీక."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పెట్టె అవతలి వైపు మిత్సు గొంతు ఆగిపోయి ఉంది. విన్నదనే అనుకుంటాను.

పన్నెండో రోజు కొండ మీదనుంచి పొడిగాలి వీచింది. కబురు పంపకుండానే గెంజో వచ్చాడు, పలుగు లేకుండా, శుభ్రమైన మేజోళ్ళతో. సకుజి చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరే దాకా ఆగాడు. పై సొరుగు పిడులు పట్టుకుని కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా కదిపాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి చెక్క మీద చెక్క జరిగిన చప్పుడు సన్నగా వినిపించింది. సొరుగు గోరంత ముందుకి వచ్చింది.

సకుజి అక్కడితో వదిలేసి పక్కకి జరిగాడు. "ఇక వస్తుంది పెద్దమ్మా. మీరు తియ్యండి."

ఆవిడ ఒక పిడి పట్టుకుంది. రెండో పిడి పట్టుకోమని మిత్సుకి కళ్ళతోనే చెప్పింది. మిత్సు మొగుడి వంక చూసింది. వాడు తలూపాడు. ఇద్దరూ కలిసి లాగారు.

కర్పూరం వాసన గుప్పుమంది. మడతపెట్టిన పట్టుబట్ట మీద, మూలగా, చిన్న కిరి పెట్టె ఉంది. సేకి పెద్దమ్మ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. మూత తీసి లోపలికి వేలు పెట్టింది. దూది తెల్లగా ఉంది. ఆ వేలితో దూదిని నొక్కి, వేలు పైకెత్తి చూసుకుని, మళ్ళీ నొక్కి చూసుకుంది. గెంజో నేల మీద కూలబడి మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. ఆవిడ పెట్టెని చెంపకి ఆనించుకుంది.

"తమోత్సూ" అంది, పక్కన నిలబడ్డ మనిషితో చెప్పినట్టు. "ఈసారి తడవలేదురా నాన్నా."